షంసుల్ ఉమ్రా మక్బరా: పైగా నవాబుల గోరీలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో ఎవరో ఒకరు చదువు గురించి, మరొకరు ఉద్యోగాల గురించి మాట్లాడటం మామూలు. ఈసారి మమ్మల్ని హైదరాబాదులోని ఏదైనా పాత కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చార్మినారు గురించి చెప్పమంటే మాకు చెప్పడానికేమీ లేదు, మీరే మాకు చెప్పగలరు. గోల్కొండ అంతే. అందుకని, చార్మినారు నుంచి ఆగ్నేయంగా నాలుగు కిలోమీటర్లు కూడా లేని ఒక చోటు గురించి చెబుదామని వచ్చాము. సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండ అనే బస్తీలో, ఒవైసీ ఆసుపత్రికి ఎదురుగా పోయే ఒక సందులో ఉన్నది ఆ చోటు. పాతవాళ్లు షంసుల్ ఉమ్రా మక్బరా అంటారు. బోర్డుమీద పైగా సమాధులు అని ఉంటుంది.

మా బడి పిల్లలకు ఈ పేరు చెప్పగానే నవ్వు వస్తుంది. తెలుగులో పైగా అంటే అంతేకాక అని కదా. "సార్, పైగా ఏమిటి, ఇంకా ఏమైనా ఉన్నదా?" అంటారు. ఫార్సీలో పాయ్ అంటే పాదం, గాహ్ అంటే చోటు. పాదం ఆనే చోటు, అంటే హోదా, అంతస్తు. గుర్రపుశాలను కూడా ఈ మాటతోనే పిలిచేవారు. రెండు అర్థాలూ ఈ ఖాందానుకు సరిపోయినవి. వీళ్లు నిజాముకు సైన్యాన్ని పోషించి ఇవ్వాలి, అందుకు బదులుగా జాగీరు అనుభవించాలి. ఆ జాగీర్లకే పైగాలని పేరు. నిజాముల తర్వాత నిజాములంతటివారు అని జనం అనుకునేవారంటే అందులో అతిశయోక్తి లేదు.

తమ వంశం రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గారి నుంచి వచ్చిందని వీరు చెప్పుకునేవారు. హైదరాబాదులో ఈ ఇంటిని నిలబెట్టినవారు అబుల్ ఫతేఖాన్ తేగ్‌జంగ్. రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ కొలువులో సేనాని. ఆయనకు దర్బారు ఇచ్చిన బిరుదు షంసుల్ ఉమ్రా, అంటే అమీరులలో సూర్యుడు. ఆయన్ను ఖననం చేసిన చోటే ఈ మక్బరాకు మొదలు. ఇక్కడి తొలి కట్టడం సుమారు 1787 నాటిదని చెబుతారు. ఆ తర్వాత ఆ ఇంట పుట్టినవారు, ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చినవారు తరతరాలుగా ఇక్కడికే చేరుకున్నారు.

కోడళ్లు అన్నాము గనుక ఒక మాట. వీరు ఆషామాషీ కోడళ్లు కారు. తేగ్‌జంగ్ కుమారుడు ఫక్రుద్దీన్‌ఖాన్ గారికి నిజాం అలీఖాన్ తన కూతురు బషీరున్నిసా బేగంను ఇచ్చి పెళ్లి చేశాడు. బేగంపేట అనే పేరు ఆమెను బట్టి వచ్చిందే. తర్వాత తరాలలో ఆస్మాన్‌జా, ఖుర్షీద్‌జా, వికారుల్ ఉమ్రా అనే ముగ్గురూ ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కూతుళ్లను చేసుకున్నారు. రాజుగారి ఆడపడుచులు ఇంటికి వస్తే ఇల్లు ఏ తీరున ఉండాలో, చివరకు గోరీ కూడా ఏ తీరున ఉండాలో మీరే ఊహించుకోండి.

మేము ఇక్కడికి పలుమార్లు పోయాము, పిల్లలను కూడా తీసుకుపోయాము. బయటి సందులో నడుస్తున్నప్పుడు లోపల ఏమున్నదో తెలియదు. మోటారు సైకిళ్ల రిపేరు, చాయ్ హోటలు, ఇళ్ల గోడలు. దర్వాజా దాటి లోపలికి పోతే ఒక్కసారిగా తెల్లదనం. గచ్చుతో చేసిన కమానులు, కమానుల మీద పూలు, తీగలు, కూజాలు. ఒక ఆవరణ లోంచి ఇంకొక ఆవరణ. రాతిపని జాలీలు. జాలీ అంటే మనం కిటికీకి కొట్టే ఇనుప జాలీ కాదు, రాయిని, గచ్చును తొలిచి లెక్క ప్రకారం నక్షత్రాలు, అష్టకోణాలు అల్లిన గోడ. లెక్కలు చెప్పే మాస్టర్లు పిల్లలను తప్పక ఈ జాలీల ముందు నిలబెట్టాలి. ఒక వృత్తాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఏమవుతుందో, పన్నెండు చేస్తే ఏమవుతుందో నల్లబల్ల మీద గంటసేపు గీసి చెప్పినా ఎక్కనిది, అక్కడ ఎండ జాలీ గుండా పడి నేలమీద బొమ్మ వేసినప్పుడు ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

ముఖ్యంగా గమనించవలసినది ఏమంటే, కుతుబ్‌షాహీల గోరీల మాదిరి ఇక్కడ ఆకాశాన్నంటే గుమ్మటాలు లేవు. పాలరాతి గోరీలు చాలావాటికి చుట్టూ జాలీ గోడలున్నవి, పైన ఆకాశమే కప్పు. వాన పడితే గోరీమీదే పడుతుంది. అంత సంపద గలవారు నెత్తిమీద కప్పు లేకుండా పడుకోవటం మాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. నిజాములు కూడా, రెండవవారి నుంచి ఆరవవారి వరకు, మక్కా మసీదు ఆవరణలోనే ఉన్నారు గాని తమకంటూ ప్రత్యేకంగా ఒక నగరాన్ని కట్టుకోలేదు. పైగావారు మాత్రం ఒక బస్తీయే కట్టుకున్నారు. అందులోనే మసీదు కూడా ఉన్నది.

గోరీలలో ఒకప్పుడు విలువైన రాళ్లు పొదిగి ఉండేవనీ, ఋతువును బట్టి వాటి రంగు మారేదనీ అక్కడివారు చెబుతారు. రంగు మారటం సంగతి మేము నమ్మము. రాళ్లు ఉండేవన్న మాట మాత్రం నమ్మదగిందే, ఎందుకంటే పొదిగిన చోట గుంటలు మిగిలినవి. రాళ్లు ఎటు పోయినవో గుంటలు చెప్పవు కదా.

ఇక మాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతికి వస్తాము. అది గచ్చు గురించీ కాదు, పాలరాయి గురించీ కాదు. ఇక్కడ పడుకున్నవారిలో ఒకరి గురించి. ఇందాక చెప్పిన ఫక్రుద్దీన్‌ఖాన్ గారే, రెండవ షంసుల్ ఉమ్రా, అమీరె కబీర్. 1863లో పోయారు. నవాబు అనగానే మన కళ్లముందు పాన్‌దాన్, హుక్కా, గజల్ మాత్రమే మెదులుతవి. సినిమాలు అట్లా నేర్పినవి. ఈయనకు మాత్రం పిచ్చి వేరే. శాస్త్రం పిచ్చి. తన దేవిడీలోనే సంగీ ఛాపాఖానా, అంటే రాతి అచ్చుయంత్రం పెట్టించుకున్నారు. మదర్సయె ఫక్రియా అని ఒక బడి పెట్టారు. ఇంగ్లీషులో ఉన్న శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించారు. అందులో సిత్తయె షంసియా అనే ఆరు పుస్తకాలు ప్రసిద్ధమైనవి. సిత్తా అంటే అరబ్బీలో ఆరు. యంత్రాలు, బరువులు ఎత్తే విద్య ఒకటి, దాన్ని ఇల్మె జర్రె సఖీల్ అన్నారు. ఖగోళం ఒకటి. నీటి గుణాలు, గాలి గుణాలు, వెలుతురు, విద్యుచ్ఛక్తి తక్కినవి. గురువు చెబుతుంటే శిష్యుడు అడుగుతున్నట్లు సంభాషణగా సాగుతవి.

ఇది 1840 ప్రాంతపు మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైనది 1918లో. అంటే దానికి ముప్పావు శతాబ్దం ముందే హైదరాబాదులో ఒక ఇంట్లో కూర్చుని విద్యుత్తు గురించి ఉర్దూలో చదువుకోవచ్చునన్న మాట. మేము ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియం బడిలో సైన్సు, లెక్కలు చెబుతున్నాము. ఏటేటా పుస్తకాలు ఆలస్యంగా రావటం, తీరా వచ్చాక చూస్తే ఇంగ్లీషు మాటనే ఉర్దూ అక్షరాలలో రాసి వదిలేయటం మాకు అలవాటైపోయింది. "ఉర్దూలో సైన్సు ఏమిటి మాస్టర్ సాబ్, పిల్లాణ్ణి కాన్వెంటులో వేస్తాం" అని తండ్రులు మా ముఖాన చెప్పి టీసీ పట్టుకుపోతారు. వారిని తప్పు పట్టము, ఎవరి కడుపుకోత వారిది. కాని ఆ మాట విన్న రోజున మాకు పీసల్‌బండలోని ఆ గోరీ తప్పక గుర్తుకు వస్తుంది.

ఫక్రుద్దీన్‌ఖాన్ గారి కుమారులలో రఫీయుద్దీన్‌ఖాన్, రషీదుద్దీన్‌ఖాన్ ఇద్దరూ, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పసివాడుగా ఉన్నప్పుడు సాలార్‌జంగుతో కలిసి రాజ్యభారం చూసినవారే. ఆ తర్వాత పైగా మూడు శాఖలుగా విడిపోయింది. ఆస్మాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్ ఉమ్రాహీ. అన్నదమ్ముల పిల్లల మధ్య పంపకాలు ఎట్లా ఉంటవో మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాము, అక్కడ పొలం గట్టుకు బదులు తాలూకాలు పంచుకున్నారు, అంతే తేడా.

ఆస్మాన్‌జా (1839-1898), ఆయన తర్వాత వికారుల్ ఉమ్రా (1856-1902) వరుసగా హైదరాబాదు ప్రధానమంత్రులు. మొదటివారు ఆస్మాన్‌గఢ్, బషీర్‌బాగ్ కట్టించారు. రెండవవారు 1884లో ఫలక్‌నుమా మొదలుపెట్టి, కట్టేసరికి కొండంత అప్పు తలకెత్తుకుని, చివరకు దాన్ని ఆరవ నిజాముకు అప్పగించారు. ఇప్పుడది 2010 నుంచి పెద్ద హోటలు. అక్కడ ఒక పూట భోజనం ఖరీదుతో మన సంఘం ఒక విద్యార్థికి ఏడాది పుస్తకాలు కొనగలదు. బేగంపేటలోని స్పానిష్ మసీదు కూడా ఆయన మొదలుపెట్టించిందే, పూర్తి అయినది ఆయన పోయాక 1906లో. కొండమీద మహల్ కట్టిన ఆ మనిషి, అప్పులిచ్చినవారెవ్వరూ రాని ఈ జాలీ గోడల మధ్య ఉన్నాడు. ఖుర్షీద్‌జా గారు కూడా 1902లోనే పోయారు. హుసేనీ ఆలంలోని ఆయన దేవిడీ, ఆ ఎత్తైన స్తంభాలు, ఎన్నో ఏళ్లు పాడుపడి పిల్లలు క్రికెట్టు ఆడుకునే మైదానానికి వెనకతెరలాగా నిలిచింది.

క్రికెట్టు అన్నాము గనుక, మొయినుద్దౌలా గోల్డ్ కప్పు పేరు మన కుర్రవాళ్లకు తెలుసు. ఆ మొయినుద్దౌలా ఆస్మాన్‌జా కుమారుడు. కప్పు మొదలైనది 1930 ప్రాంతంలో.

ఇదంతా హైదరాబాదు నవాబుల గొడవ, మనకేం సంబంధం అని కొందరు అనుకోవచ్చు. రైలెక్కి వికారాబాదులో దిగుతారు కదా, ఆ ఊరి పేరు వికారుల్ ఉమ్రాది. శంషాబాదు విమానాశ్రయం నుంచి మన పిల్లలు దుబాయి, జెడ్డా విమానం ఎక్కుతారు కదా, ఆ శంషాబాదు షంసుల్ ఉమ్రా పేరన వెలిసింది. జహీరాబాదు పేరు కూడా ఈ ఇంటి నవాబు జహీర్‌యార్‌జంగుదే అంటారు. పైగా జాగీర్లన్నీ కలిపి ఇంచుమించు నాలుగు వేల చదరపు మైళ్లు ఉండేవని లెక్క. ఆ గ్రామాల రైతులలో ముసల్మానులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. పాలరాయి అక్కడికి నడిచి రాలేదు. ఎవరి జొన్న చేను మీదనో, ఎవరి వరిమడి మీదనో వసూలైన శిస్తు అది. మక్బరాను చూసి అబ్బురపడేటప్పుడు ఈ సంగతి మరవటం న్యాయం కాదని మా అభిప్రాయం. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. ఆ దెబ్బతో పైగాలు పోయినవి. శిస్తు పోయింది, సైన్యం పోయింది, దేవిడీలు ఒకటొకటిగా అమ్ముడైనవి. గోరీలు మిగిలినవి, ఎందుకంటే గోరీలను ఎవరూ కొనరు. కొనరు గాని ఆక్రమిస్తారు. చుట్టూ ఉన్న నేల ఎట్లా కుంచించుకుపోయిందో సందులో నడిచినవారికి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇక్కడ మౌల్వీ సాహెబులు ఒక ప్రశ్న అడుగుతారు. నిరుడు ఈ సంగతి ఇంకొక చోట చెబితే ఒక పెద్దాయన లేచి, "మాస్టర్‌గారూ, పక్కా గోరీలు కట్టడం మన దీనులో ఉన్నదా? మీరు పిల్లలకు ఏం నేర్పుతున్నారు?" అని నిలదీశారు. మంచి ప్రశ్నే. ఖబరు సాదాగా ఉండాలన్నది మనకు తెలిసిన మాటే, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. మేము ఆయనకు చెప్పిన జవాబు ఇది: మమ్మల్ని కట్టమని అడిగితే కట్టవద్దనే అంటాము. కట్టి రెండు వందల ఏండ్లకు పైనయింది. ఇప్పుడు దాన్ని కూలిపోనిస్తే ఆ నవాబులకు వచ్చే నష్టం ఏమీ లేదు. పేరు రాసుకోకుండా ఆ జాలీలు తొలిచిన మేస్త్రీల చేతిపని పోతుంది. ఖబర్ల జియారత్ మౌత్‌ను గుర్తు చేస్తుందన్నారు. ప్రధానమంత్రి గోరీ మీద ఆకు రాలిపడి ఉండటం చూసినవాడికి గుర్తుకురాక ఏం చేస్తుంది? పెద్దాయన ఒప్పుకున్నారో లేదో గాని చాయ్ మాత్రం మాతోనే తాగారు.

మేస్త్రీల పని గురించి ఇంకొంచెం చెప్పాలి. మన దక్కనులో గచ్చు అంటే ఊరికే సున్నం, ఇసుక కాదు. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, గానుగలో నూరి, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, మినప్పిండి వంటివి చోటును బట్టి కలిపేవారు. ఆరేలోపల చేత్తో, చిన్న కర్నెతో పువ్వు తీర్చాలి. ఆ గచ్చు తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది, గోడ ఊపిరి తీసుకున్నట్లుంటుంది. ఆ తర్వాతి కాలంలో పాత కట్టడాలకు పగులు వచ్చినప్పుడల్లా సిమెంటు పూశారు. సిమెంటు లోపలి తేమను బయటికి రానివ్వదు. పై పూత గట్టిగానే కనిపిస్తుంది, లోపల గచ్చు పిండి అయి రాలుతుంది. మన ఊరి పాత మసీదుకు కూడా ఇదే వైద్యం జరిగిందని మీలో చాలామందికి తెలుసు, ఆ పని చేయించినవారి పేరు ఇక్కడ అనవసరం. మంచి ఉద్దేశంతోనే చేయించారు. వానాకాలంలో వజూ హౌజు పక్క గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

పైగా మక్బరా ప్రభుత్వ వారసత్వ శాఖ రక్షణలో ఉన్నది. 2023లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు అక్కడి ఆరు సమాధుల మరమ్మతుకు పూనుకున్నది. అమెరికా ప్రభుత్వం అందుకు రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. కుతుబ్‌షాహీ గోరీలను బాగుచేసినది కూడా ఈ ట్రస్టే. అమెరికావాడు వచ్చి మన నవాబుల గోరీలకు సున్నం వేయించాలా అని మీలో ఎవరికైనా రోషం వస్తే సంతోషం. ఆ రోషం కొంచెం మన ఊరి ఖబ్రస్తాను వైపు కూడా మళ్లించమని మనవి.

మన ఖబ్రస్తానులో పాత రాళ్లు ఉన్నవి. మేము తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుపోయి నిరుడు వాటిని చదివించే ప్రయత్నం చేశాము. నస్తాలీక్ రాత కొందరికి అందింది, కొందరికి అందలేదు. ఒక అమ్మాయి రాతి మీది అంకెలను వేలితో తడుముతూ చదివి, ఇది ఏ సంవత్సరం సార్ అని అడిగింది. హిజ్రీ సంవత్సరాన్ని మామూలు సంవత్సరంగా మార్చే సులువు చెబుతాము, రాసుకోండి. ఉన్న సంఖ్యలో నూటికి మూడు చొప్పున తీసివేసి 622 కలపాలి. 1320 అని ఉన్నదనుకోండి, నూటికి మూడంటే సుమారు 40, తీసివేస్తే 1280, 622 కలిపితే 1902. ఒక ఏడాది అటో ఇటో కావచ్చు. కొన్ని రాళ్ల మీద అంకె ఉండదు, ఒక వాక్యమే ఉంటుంది. అబ్జద్ లెక్కలో అలిఫుకు 1, లాముకు 30, హేకు 5. అల్లాహ్ అనే మాటలో అలిఫ్, రెండు లాములు, హే కలిపితే 66. ఈ లెక్కలోనే బిస్మిల్లాకు 786 అంటున్నాము. అట్లాగే వాక్యంలోని అక్షరాలన్నీ కూడితే చనిపోయిన సంవత్సరం వచ్చేటట్లు కవులు కూర్చేవారు. పిల్లలకు ఇది పొడుపు కథలాగా ఉంటుంది, వదిలిపెట్టరు.

కొన్ని రాళ్లు బోర్లా పడి ఉన్నవి. వాటిని పిల్లలు ఎత్తలేరు. సంఘంలోని యువకులు నలుగురు ఒక ఆదివారం వస్తే ఎత్తించి, కడిగి, రాతలన్నీ ఒక రిజిస్టరులో ఎక్కించాలని మా కోరిక. రిజిస్టరు కొని పెట్టాము. పేరు, తారీఖు, తెలిస్తే తండ్రి పేరు, ఏ ఇంటివారు అని నాలుగు గళ్లు గీశాము. మీ తాతముత్తాతలవి ఎవరివైనా గుర్తుంటే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పంపండి. నానీలను అడగండి, మగవారికంటే వారికే ఎక్కువ గుర్తుంటవి.

పైగా మక్బరాకు ఒక బస్సు మాట్లాడి సంఘం కుటుంబాలను తీసుకుపోవాలని కార్యదర్శిగారితో అనుకుంటున్నాము. పొద్దున్నే బయలుదేరితే మంచిది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు జాలీల నీడ బాగా కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించదు. చెప్పులు ఎక్కడ విడవాలో అక్కడివారు చెబుతారు. గోరీల మీద కూర్చోవద్దనీ, గచ్చు పువ్వులను గోటితో గీరవద్దనీ పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. తిండి ఇంటి నుంచే కట్టుకు రండి, తిరుగు ప్రయాణంలో ఖుర్షీద్‌జా దేవిడీ కూడా చూపిస్తాము. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయ్యాక ద్వారం దగ్గర మా దగ్గర ఇవ్వవచ్చు. రిజిస్టరు కూడా అక్కడే ఉంటుంది.